తొందరగా పెరిగే చెట్టుకు తీరికైన మొదలు

కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు నర్సరీకి వెళ్ళి అడిగేవి దాదాపు ఎప్పుడూ మూడే. నీడ ఇవ్వాలి, పూలు పూయాలి, తొందరగా పెరగాలి. ఈ మూడూ ఒకే చెట్టులో కావాలంటే మనకు బాగా తెలిసిన పేరు తురాయి. సీమ తురాయి అని కొందరు, గుల్‌మొహర్ అని ఇంకొందరు అంటారు. బడి ఆవరణలో దాని కింద ఆడుకున్నవాళ్ళెవరూ ఆ పూల కేసరాలతో ఆడిన కోడిపందెం మరచిపోరు. రెండు కేసరాల తలలు తగిలించి లాగితే ఎవరి తల తెగితే వాళ్ళు ఓడినట్టు.

ఈ అధ్యాయంలో తురాయిని గింజ నుంచి పెంచడం నేర్చుకుందాం. నర్సరీలో నాలుగడుగుల మొక్క దొరుకుతుండగా గింజ దగ్గర నుంచి మొదలుపెట్టడం ఎందుకని మీరు అడగవచ్చు. గింజ నుంచి పెంచితే మొక్క వేరు ఎలా తయారవుతోందో మీకు తెలుస్తుంది. కొన్న మొక్కలో మీకు కనిపించేది ఆకు మాత్రమే. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. తొందరగా పెరిగే దేనిలోనైనా మంచి ఎంత వేగంగా పెరుగుతుందో లోపం కూడా అంతే వేగంగా పెరుగుతుంది. నిదానంగా ఎదిగే చెట్టు మన పొరపాటు దిద్దుకోవడానికి గడువు ఇస్తుంది. తురాయి అంత గడువు ఇవ్వదు. గోడ పక్కన నాటిన మొక్క కొన్నేళ్ళలోనే గోడను నెడుతుంది. వంకరగా వదిలేసిన పంగ మాను లావెక్కాక ఇక దిద్దుబాటుకు లొంగదు. అందుకే ఈ చెట్టు విషయంలో నిర్ణయాలన్నీ మొదట్లోనే, తీరిగ్గా, ఆలోచించి తీసుకోవాలి. వేగం చెట్టే తెచ్చుకుంటుంది. ఆ వేగానికి దారి చూపించడం మన వంతు.

ముందు చెట్టును తెలుసుకోండి

తురాయి మన దేశపు చెట్టు కాదు. దాని పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ ద్వీపం. అక్కడ పడమటి, ఉత్తర భాగాల్లోని ఎండు అడవుల్లో అది సహజంగా పెరుగుతుంది. వృక్షశాస్త్రవేత్త వెన్సెస్లాస్ బోయర్ 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో దాన్ని అక్కడ చూసి బయటి ప్రపంచానికి పరిచయం చేశాడు. ఆ తర్వాత ఉష్ణదేశాలన్నిటికీ పాకింది. దాని శాస్త్రీయ నామం డెలోనిక్స్ రెజియా. మన పల్లెల్లో కీళ్ళ నొప్పులకు ఆకు వాడే వాతనారాయణ చెట్టు దీనికి దగ్గరి చుట్టం. అదీ డెలోనిక్సే.

పుట్టిల్లు తెలిస్తే చెట్టు స్వభావం సగం తెలిసినట్టే. ఎండు అడవిలో పుట్టింది కనుక దానికి మండే ఎండ ఇష్టం, నీళ్ళు నిలిచే నేల కష్టం. పొడి కాలంలో ఆకు రాల్చుకోవడం దానికి అలవాటు. మన దగ్గర చలికాలం చివర నుంచి ఆకు పలచబడి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పూస్తుంది. పూతతో పాటే, లేదా పూత వెనకే కొత్త ఆకు కమ్ముతుంది. అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో దాని కింద నిండు నీడ దొరకదు. ఏడాది పొడవునా ఒకే నీడ కావాలనుకునేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఎత్తు సాధారణంగా 10 నుంచి 15 మీటర్లు. కొమ్మలు గొడుగు పట్టినట్టు పక్కలకు చాచుకుంటాయి. చాలా చెట్లకు ఎత్తుకన్నా వెడల్పే ఎక్కువ. సరైన నేల, ఎండ ఉంటే మొదటి ఏళ్ళలో ఏటా మీటరు, అంతకు పైన కూడా ఎదుగుతుంది. ఇంత వేగంగా పెరిగే చెట్టుకు కర్ర గట్టిగా ఉండదు, గాలికి కొమ్మలు విరుగుతాయి. వేళ్ళు నేల పైపొరలోనే చాలా దూరం పాకుతాయి. ఈ రెండు లక్షణాలూ గుర్తుపెట్టుకోండి. ఇక ముందు చెప్పబోయే జాగ్రత్తలన్నీ వీటి నుంచే వస్తాయి.

గింజ: గట్టి పెంకును ఎక్కడ తాకాలి?

వేసవి పూలు రాలాక దిగిన పచ్చని కాయలు వానాకాలం, చలికాలం గడిచేసరికి నల్లని గోధుమరంగుకు తిరిగి చెక్కలా గట్టిపడతాయి. ఒక్కో కాయ అడుగు నుంచి రెండడుగుల పొడవు ఉంటుంది. ఊపితే లోపల గింజలు గలగలమన్నాయంటే కాయ పూర్తిగా ఎండినట్టు. ఫిబ్రవరి, మార్చి నెలలు కాయలు ఏరుకోవడానికి మంచి సమయం.

ఏ చెట్టు కాయ దొరికితే ఆ కాయ తెచ్చుకోకండి. తల్లిచెట్టును ఎంచుకోండి. మాను నిటారుగా ఉండాలి. కొమ్మలు ఒకేచోట గుంపుగా కాకుండా ఎడం ఎడంగా బయలుదేరాలి. విరిగిన గాయాలు, మొదట్లో పుట్టగొడుగులు ఉండకూడదు. పూల రంగు నారింజ నుంచి చిక్కటి ఎరుపు దాకా చెట్టుకొకలా ఉంటుంది. గింజ నుంచి వచ్చిన మొక్క అచ్చం తల్లిలాగే పూస్తుందన్న హామీ లేదు. అయినా మంచి చెట్టు గింజతో మొదలుపెట్టడం మన చేతిలో ఉన్న పని, అది వదులుకోకూడదు.

గింజలు ఏరడం చిన్న పనిగా అనిపిస్తే ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్యను తలుచుకోండి. అసలు పేరు దరిపల్లి రామయ్య. చెట్ల కింద గింజలు ఏరి, జేబుల్లోనూ సంచుల్లోనూ నింపుకుని, సైకిల్ మీద తిరుగుతూ రోడ్ల పక్కన, కాలువ గట్ల వెంట జీవితమంతా నాటుతూ పోయారు. ఆయన నాటిన మొక్కలు కోటికి పైనే అని చెబుతారు. 2017లో పద్మశ్రీ ఇచ్చి దేశం ఆయనను గౌరవించింది. 2025 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. పెద్ద పెట్టుబడి, పెద్ద చదువు ఏదీ లేకుండా ఆయన మొదలుపెట్టింది గింజలతోనే.

కాయ అంచు దగ్గర కత్తిమొన దూర్చి తిప్పితే అది రెండు చెక్కలుగా విడిపోతుంది. లోపల చిన్న చిన్న అరల్లో అడ్డంగా పేర్చినట్టు గింజలు ఉంటాయి. పొడవు సుమారు 2 సెంటీమీటర్లు, పైన గోధుమరంగు చారలు. పురుగు తిన్నవి, ముడతలు పడ్డవి తీసేయండి.

ఆ గింజను నేరుగా మట్టిలో పెట్టి రోజూ నీళ్ళు పోస్తే నెలల తరబడి ఏమీ జరగకపోవచ్చు. గింజ చచ్చిపోయిందని చాలామంది అప్పుడే వదిలేస్తారు. నిజానికి అది బతికే ఉంటుంది. గింజ పైపొరలో కణాలు నిలువుగా, సందు లేకుండా బిగుసుకుని ఉంటాయి. నీరు లోపలికి వెళ్ళదు. ఎండు అడవిలో పుట్టిన చెట్టుకు ఇది అవసరమైన రక్షణ. ఒక్క అకాల వానకు గింజలన్నీ మొలిచి తర్వాతి ఎండకు మాడిపోకుండా ఈ పెంకు కాపాడుతుంది. అడవిలో ఎండ వేడి, మట్టి రాపిడి కలిసి దాన్ని నెమ్మదిగా అరగదీస్తాయి. ఇంట్లో ఆ పని మనం చెయ్యాలి. దానికి రెండు పద్ధతులున్నాయి.

*గీకడం:* పదీ ఇరవై గింజలకు ఇదే మంచిది. గింజకు ఒక కొన కాయకు అతుక్కుని ఉన్నచోటు. మొలక వచ్చేది ఆ వైపు నుంచే, అక్కడ తాకకూడదు. దానికి ఎదుటి కొనను ఉప్పుకాగితం మీద రుద్దండి, లేదా నెయిల్ కట్టర్‌తో చిటికెడు తుంచండి. గోధుమరంగు పెంకు కింద లేతరంగు పొర కనిపించగానే ఆపేయండి. తర్వాత మామూలు నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టండి.

*వేడినీళ్ళు:* గింజలు ఎక్కువగా ఉంటే ఇది సులువు. నీళ్ళు మరిగించి, పొయ్యి మీద నుంచి దించి, ఒక నిమిషం ఆగి గింజల మీద పోయండి. నీళ్ళు గింజలకు అయిదారు రెట్లు ఉండాలి. ఆ నీళ్ళు చల్లారినా అలాగే మర్నాటి దాకా వదిలేయండి. గింజల్ని పొయ్యి మీద పెట్టి ఉడికించకూడదు. లోపలి మొలక చచ్చిపోతుంది.

మర్నాడు చూస్తే నీరు తాగిన గింజ ఉబ్బి మునుపటికన్నా బాగా పెద్దదవుతుంది. ఉబ్బినవి ఆ రోజే విత్తాలి. ఉబ్బనివాటిని మళ్ళీ కాస్త గీకి నానబెట్టండి.

పిల్లలకు చదువు చెప్పేవారు, కింద పనిచేసేవారికి పని నేర్పేవారు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మాట వినని పిల్లవాడూ ఈ గింజలాంటివాడే. అతనికి రోజూ హితబోధ చేస్తాం. లోపలికి ఒక్క చుక్క దిగదు. ఇంకా ఎక్కువ చెబుతాం. అతనిలో సత్తువ లేదని చివరికి తేల్చేస్తాం. సలహా ఎంత పోశామన్నది లెక్కలోకి రాదు. అది లోపలికి వెళ్ళే చోటు తెరిచామా లేదా అన్నది ముఖ్యం. అతనికి ఇష్టమైన ఒక పని, అతను గౌరవించే ఒక మనిషి, అతను గెలవగలిగిన ఒక చిన్న సందర్భం, వీటిలో ఏదో ఒకటి ఆ చోటు అవుతుంది. అతని సున్నితమైన చోటును, నలుగురిలో అతని పరువును, మాత్రం గీకకండి. అక్కడ తగిలిన దెబ్బకు ఎదుగుదలే ఆగిపోతుంది.

కవరులో మూడు నెలలు

మార్చిలో విత్తితే జూన్ చివరికి మొక్క నేలకు సిద్ధమవుతుంది. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి జల్లెడ పట్టండి. వెడల్పుకన్నా లోతు ఎక్కువున్న నర్సరీ కవర్లు తీసుకోండి, అడుగున చిల్లులు ఉండాలి. వేలితో అంగుళం లోపు గుంట చేసి, ఒక్కో కవరులో ఒక్కో గింజ పెట్టి మట్టి కప్పండి. సన్నని చిల్లుల డబ్బాతో నీళ్ళు చల్లండి. ధారగా పోస్తే గింజ పైకి తేలుతుంది.

వేసవి వేడికి సాధారణంగా వారం, పది రోజుల్లో మొలకలు వస్తాయి. మెడ వంచుకున్న కాండం ముందు పైకి లేచి, తర్వాత రెండు మందపాటి బీజదళాలు విచ్చుకుంటాయి. కొన్నిటికి గింజ పెంకు తలమీదే ఉండిపోతుంది. దాన్ని లాగకండి. దాని మీద రెండు పూటలా నీళ్ళు చిలకరిస్తే మెత్తబడి అదే ఊడిపోతుంది.

ఈ దశలో మొక్కలు ఎక్కువగా పోయేది నారుకుళ్ళు తెగులు వల్ల. మట్టికి తాకే చోట కాండం నీరు పట్టి మెత్తబడి, మొక్క ఒక్కసారిగా పక్కకు పడిపోతుంది. దీనికి మూలం ఎక్కువ ప్రేమ. రోజుకు మూడుసార్లు నీళ్ళు, గాలి ఆడని మూల, గుంపుగా పెట్టిన కవర్లు. పైమట్టి వేలికి పొడిగా తగిలాకే నీళ్ళు పోయండి. కవర్ల మధ్య ఎడం ఉంచండి. మట్టిలో ముందే కాస్త ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం కలిపితే ఇంకా మంచిది.

మొదటి రెండు వారాలు పలచని నీడ చాలు. తర్వాత ఉదయపు ఎండ, ఆ తర్వాత మెల్లగా రోజంతా ఎండ అలవాటు చేయండి. రెండు వారాలకొకసారి కవర్లను కాస్త జరపండి. లేకపోతే వేరు చిల్లు దాటి కింది నేలలోకి దిగిపోతుంది, తీసేటప్పుడు తెగుతుంది.

కవరులో ఎక్కువ కాలం ఉంచితే మొక్క గొప్పగా కనిపిస్తుంది, లోపల మాత్రం చెడిపోతుంది. తల్లివేరు అడుగు తాకగానే దారి లేక కవరు గోడ వెంట చుట్టలు తిరుగుతుంది. ఆ చుట్ట నేలలోకి వెళ్ళాక కూడా విప్పుకోదు. చెట్టు పెద్దదయ్యాక దాన్ని గాలికి నిలబెట్టాల్సిన వేరే దాని మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి అడుగు, అడుగున్నర ఎత్తు ఉన్న మొక్కే నాటడానికి సరైనది. నర్సరీలో కొంటున్నా ఇదే సూత్రం. ఎత్తు చూసి మోసపోకండి, కవరు అడుగున వేరు చూడండి.

చోటు: చెట్టు పెద్దదయ్యాక ఎక్కడుంటుంది?

తురాయి పెంపకంలో అత్యంత విలువైన నిర్ణయం ఇదే. జానెడు మొక్క చేతిలో ఉన్నప్పుడు పది మీటర్ల గొడుగు కళ్ళకు కట్టదు. అందుకే ఊహతో కాకుండా టేపుతో పని చేయండి. నాటాలనుకున్న చోట కర్ర పాతి, దానికి తాడు కట్టి, 15 అడుగుల దూరంలో చుట్టూ ముగ్గుతో గీత గీయండి. రేపు చెట్టు కొమ్మలు పరుచుకునే చోటు కనీసం అంత. ఇల్లు ఆ గీతకు ఇంకో 10 అడుగులైనా అవతల ఉండాలి. ప్రహరీ, నీళ్ళ సంపు, సెప్టిక్ ట్యాంకు, డ్రైనేజీ పైపు ఏవీ గీత లోపలికి రాకూడదు. పైన కరెంటు తీగలు ఉండకూడదు.

ఈ కొలత చూస్తే 200 గజాల స్థలంలో ఇల్లు పోగా మిగిలే సందులో తురాయికి చోటు లేదని మీకే అర్థమవుతుంది. అలాంటప్పుడు కోరిక చంపుకోనక్కరలేదు, చెట్టు మార్చుకోండి. నిదానంగా పెరిగినా పసుపుపచ్చని గుత్తులతో కళ్ళు నింపే రేల ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం పచ్చగా ఉండి, లోతుగా వేరూనే కానుగ ఉంది. కానుగ గింజకు గీకడం అవసరం లేదు, తాజాగా ఉన్నప్పుడే విత్తితే చాలు. రేల గింజకు తురాయికి లాగే పెంకు తెరవాలి. తురాయి పువ్వే కావాలంటే బడి ఆవరణ, పార్కు, పొలం దగ్గర కళ్ళం, ఊరి ఉమ్మడి స్థలం వెతకండి. పదిమంది కూర్చునే చోట దాని గొడుగుకు అర్థం ఉంటుంది. ముందుగా ఆ చోటు పెద్దల అనుమతి తీసుకోండి.

చోటుంటే ఇంటికి పడమర వైపు నాటండి. వేసవి మధ్యాహ్నపు ఎండ ఆ గోడకే ఎక్కువ తగులుతుంది. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడాలి. నల్లరేగడి నేలయితే వానాకాలంలో నీళ్ళు నిలవకుండా చుట్టూ మట్టి ఎత్తు చేసి, గుట్ట మీద నాటండి.

సముద్రతీరంలో ఉండేవారు ఇంకొంచెం ఆలోచించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకిన తర్వాత నగరం చూసినవారికి కూలిన చెట్లే కళ్ళ ముందు మెదులుతాయి. పైపైన వేళ్ళు, పెళుసు కర్ర ఉన్న చెట్టును గాలికి ఎదురుగా, ఇంటికి ఆనుకుని పెట్టడం ప్రమాదం.

తప్పు చోట నాటి తర్వాత కొట్టేద్దామనుకోవడం కూడా తేలిక కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద చెట్టు కొట్టడానికి ముందుగా అనుమతి కావాలి. చట్టం సంగతి అలా ఉంచినా, చేతులారా పెంచినదాన్ని పూతకు వచ్చే వయసులో నరకడం మనసుకు పెద్ద కష్టం. ఆ కష్టాన్ని తప్పించేది ఈ రోజు టేపుతో గడిపే అరగంట.

గొయ్యి, నాటడం, మొదటి వేసవి

మే నెలలోనే రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గొయ్యి తీసి ఎండకు వదిలేయండి. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క పోసుకోండి. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. ఒకటి రెండు మంచి వానలు పడి నేల లోతుగా తడిశాక, ఆరుద్ర కార్తెలో నాటితే మొక్క నిలదొక్కుకోవడానికి వానాకాలమంతా ఉంటుంది. పైమట్టిలో ఒక గంపెడు మాగిన ఎరువు, పావు కిలో వేపపిండి కలిపి గొయ్యి నింపండి. వేపపిండి చెదలను కొంత దూరం పెడుతుంది.

సాయంత్రం నాటండి. కవరును బ్లేడుతో నిలువునా కోసి తీయండి, మొక్క మెడ పట్టుకుని లాగకండి. అడుగున చుట్ట తిరిగిన వేరు కొన ఉంటే పదునైన కత్తెరతో తుంచేయండి. కవరులో మట్టి ఏ మట్టానికి ఉందో నేలలోనూ అదే మట్టానికి ఉండాలి. పాదు చేసి నిండుగా నీళ్ళు పోయండి.

ఊతకర్ర పాతి పాత గుడ్డపీలికతో వదులుగా కట్టండి. మాను గాలికి కొంచెం ఊగాలి, ఆ ఊపుకే అది లావెక్కుతుంది. ఏడాది తర్వాత ఊత తీసేయండి. పశువులు, మేకలు రాకుండా ముళ్ళకంపో ట్రీగార్డో తప్పనిసరి.

మొదటి వేసవి ఈ చెట్టు బాల్యానికి గండం. పాదులో ఎండుటాకులు నాలుగు వేళ్ళ మందాన పరచండి, మానుకు తగలకుండా. రోజూ చెంబెడు పోసే బదులు వారానికి రెండుసార్లు రెండేసి బకెట్లు పోయండి. పైపైన తడిపితే వేరు పైనే ఉండిపోతుంది. లోతుగా తడిపితే నీటిని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. రెండో వేసవిలో వారానికొకసారి, మూడో వేసవిలో మరీ వాడినప్పుడు పోస్తే చాలు. సాయం మెల్లగా తగ్గించుకుంటూ పోవడం కూడా పెంపకంలో భాగమే.

రూపం: కత్తెర పట్టుకునే మూడేళ్ళు

పెరుగుతున్న కొమ్మను తుంచడానికి చేయి రాదు. అయినా తురాయికి మొదటి మూడు నాలుగేళ్ళలో కత్తిరింపు ఎరువుకన్నా ముఖ్యం. ఈ పనులు చేయండి.

మొదట ఒకే మాను ఉంచండి. పైకి లేచే రెండు కొమ్మలు పోటీపడుతుంటే నిటారుగా ఉన్నదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేయండి. ఏడెనిమిది అడుగుల ఎత్తు వచ్చేదాకా పెద్ద కొమ్మలను స్థిరపడనివ్వకండి. కింది చిన్న రెమ్మలను ఒక్కసారే కాకుండా ఏటా కొన్ని చొప్పున తీయండి, అవి మానుకు బలాన్నిస్తాయి.

ఆ పైన నాలుగైదు కొమ్మలను ఎంచుకోండి. అవి తలో దిక్కుకు, ఒకదానికీ ఇంకొకదానికీ జానెడు పైగా ఎడంతో ఉండాలి. మానుతో ఇరుకైన పంగ చేసే కొమ్మ ప్రమాదకరం. ఆ సందులో బెరడు ఇరుక్కుని రెండూ కలిసిపోవు, పెద్దయ్యాక నిండు ఆకుతో ఉన్నప్పుడు అక్కడే చీలుతుంది. వెడల్పుగా తెరుచుకున్న పంగే గట్టిది. ఏ కొమ్మా మాను లావులో సగానికి మించకుండా చూసుకోండి.

కొమ్మ మొదట్లో కాస్త ఉబ్బుగా కనిపించే చోటును వదిలి, దాని అంచున కోయండి. చెట్టు గాయం మాన్పుకునేది ఆ ఉబ్బుతోనే. పూత అయిపోయాక, జులై, ఆగస్టులో ఈ పని పెట్టుకుంటే తీరప్రాంతాల్లో తుపానుల కాలానికి ముందే చెట్టు తేలికపడుతుంది. తల నరకడం మాత్రం ఎప్పుడూ చేయకండి. నరికిన చోట గుంపుగా లేచే రెమ్మలు వేగంగా పెరుగుతాయి కానీ మానులోకి గట్టిగా పాతుకోవు, చిన్న గాలికే ఊడిపడతాయి.

ఈ కత్తిరింపు మనుషులకూ వర్తిస్తుంది. చిన్న వయసులో పేరు, డబ్బు, పదవి చకచకా వచ్చినవారిని గమనించండి. వారిలో నిలిచినవారు మొదట్లో వచ్చిన ప్రతి అవకాశాన్నీ పట్టుకోలేదు. ఒక ప్రధాన మార్గం ఎంచుకున్నారు, దానితో పోటీపడేవాటిని బాధపడుతూనే వదులుకున్నారు. వదులుకోవడం లేత వయసులో చిన్న గాయం, త్వరగా మానుతుంది. అదే ఆలస్యమైతే పెద్ద కొమ్మ కోసినట్టే అవుతుంది. గాయం పెద్దది, మానడం నెమ్మది, అక్కడి నుంచే పుచ్చు మొదలవుతుంది.

పూత కోసం ఎదురుచూపు

మంచి ఎండ, నేల దొరికిన చెట్టు నాలుగైదేళ్ళకు పూయవచ్చు. కొన్నిటికి పదేళ్ళ దాకా పడుతుంది. ఈలోగా పక్కింటి చెట్టు పూసిందని మన చెట్టుకు యూరియా వేయకండి. నత్రజని ఎక్కువైతే ఆకు దట్టమవుతుంది, పూత వెనకబడుతుంది. నాలుగో ఏటి నుంచి వేసవి మొదట్లో నీళ్ళు తగ్గించండి. పొడి కాలం తర్వాత పూయడం ఈ చెట్టుకు పుట్టుకతో వచ్చిన పద్ధతి.

పూయని ఏళ్ళలో కూడా చేయాల్సిన పని ఉంటుంది. మాను మొదట్లో పుట్టగొడుగులు వస్తున్నాయా, కొమ్మ ఏదైనా ఎండుతోందా, ఆకులను పురుగు జల్లెడ చేస్తోందా అని నెలకొకసారి చుట్టూ తిరిగి చూడండి. పూసిన మొదటి వేసవిలో నాలుగు ఎర్రని రేకుల మధ్య నిలబడే అయిదో రేకును దగ్గరగా చూడండి. దాని మీద తెలుపు, పసుపు కలిసిన మచ్చలు ఉంటాయి. దూరం నుంచి చూసేవారికి అది కనిపించదు, పెంచినవారికి కనిపిస్తుంది.

ఈ అధ్యాయం చదివాక చేయాల్సినవి

*చెట్టు కోసం:* ఫిబ్రవరిలో తల్లిచెట్టును ఎంచుకుని కాయ తెచ్చుకోండి. మార్చిలో గింజ గీకి, నానబెట్టి, కవరులో విత్తండి. ఏప్రిల్‌లో టేపు పట్టుకుని చోటు ఖాయం చేయండి. మేలో గొయ్యి తీయండి. జూన్ చివరిలో నాటండి. ఒక్క మొక్క కావాలన్నా అయిదారు గింజలు విత్తండి. వాటిలో మంచిదాన్ని మీరు ఉంచుకుని మిగతావి చోటున్నవారికి ఇవ్వండి.

*మీ కోసం:* మీ జీవితంలో ఇప్పుడు వేగంగా పెరుగుతున్నది ఒకటి తీసుకోండి. కొత్త వ్యాపారం కావచ్చు, కొత్త ఉద్యోగం కావచ్చు, యవ్వనంలోకి అడుగుపెడుతున్న మీ బిడ్డ కావచ్చు. నోటుబుక్కులో నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. ఇది పూర్తిగా పెరిగాక ఎంత చోటు కావాలి, ఆ చోటు నా దగ్గర ఉందా? దీని వేరు సాగడానికి దారి ఉందా, లేక ఇరుకు కవరులోనే చుట్టలు తిరుగుతోందా? ఇప్పుడే చిన్న గాయంతో వదులుకోవాల్సిన పోటీ కొమ్మ ఏది? నేను ఇస్తున్న సాయంలో ఈ ఏడాది తగ్గించాల్సింది ఎంత?

నాలుగింటికీ ఒకే రోజు జవాబు దొరకకపోవచ్చు. జవాబు రాయలేక కలం ఆగిన ప్రశ్న ఏదో దాని దగ్గరే ఈ వారం పని మొదలుపెట్టండి.